దొరకు వెలి: వాడల వ్యంగ్యం

ఎం.ఏ. క్లాసులో ఐరనీ గురించి చెప్పినప్పుడు ఉదాహరణలన్నీ గ్రీకు నాటకాల్లోంచే వచ్చాయి. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు కాబట్టి శ్రద్ధగా నోట్సు రాసుకున్న. మాటకు ఎదురర్థం ఉంటే ఒక రకం. అనుకున్నదానికి విరుద్ధంగా జరిగితే రెండో రకం. పాత్రకు తెలియంది చూసేవాళ్లకు తెలిస్తే మూడోది. రాస్తుంటే కోరుట్ల దగ్గరి మా పల్లెల నాయనమ్మ అనే మాట యాదికొచ్చింది. "మా దొర ఎంత ధర్మాత్ముడు బిడ్డా! మన చెయ్యి నొయ్యకుండ నీళ్లు పైనుంచే పోసేటోడు." దోసిలి పట్టి తాగినామె మాట అది. పొగుడుతున్నట్టే తిట్టడాన్ని అలంకారశాస్త్రం వ్యాజస్తుతి అంటుంది. ఆమెకు ఆ పేరు తెల్వదు. దొర ముందర అనగలిగిన తిట్టు మాత్రం అదొక్కటే. పండితులకు చమత్కారమైంది వెట్టి చేసినోళ్లకు బతుకు కాపాడుకునే ఉపాయం.

మూడో రకానికి గ్రీసు దాకా పోనక్కరలేదు. చిందువాళ్లు ఆడే జాంబపురాణంలో బ్రాహ్మడు జాంబవుడితో వాదానికి దిగుతాడు. జాంబవుడు భూమికన్నా ముందు పుట్టినోడని మాదిగవాడల పిల్లలకు సైతం తెలుసు. ఊరు కడపటివాడన్నవాడు ఆటలో మొదటివాడు. ఆ నవ్వును చరిత్రకు ఆధారంగా ఎందుకు తీసుకోం?

రెండో రకానికి జాషువా 'గబ్బిలం' (1941) ఉంది. గబ్బిలం శివాలయంలోకి పోగలదు, దానితో కబురు పంపే మనిషి పోలేడు. అయితే మా ప్రాంతంలో ఈ రకం పుస్తకం బయటే జరిగింది. 1978 సెప్టెంబరులో వేలాది కూలీలు, రైతులు జగిత్యాలలో ఊరేగింపు తీశారు. దాన్నే జైత్రయాత్ర అన్నారు. వెట్టి పోవాలె, కూలి పెరగాలె, గుంజుకున్న భూములు, జుర్మానా పైసలు తిరిగియ్యాలె అన్నారు. ఒప్పుకోని దొరలను ఊళ్లు వెలివేసినయి. బట్టలు ఉతికేవాళ్లు, గడ్డం గీసేవాళ్లు, జీతగాళ్లు గడీ దిక్కు పోలేదు. ఈ 'వెలి' అనే మాట దగ్గర ఆగి చూడాలె. వెలివాడలోని వెలి అదే. తరతరాలుగా మాల మాదిగల మీద వాడిన ఆయుధం గడీ దిక్కు తిరిగింది.

అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. మా ఊరి బావి దాకా అది రాలేదు. దొరల విషయంలో మాత్రం జైత్రయాత్ర జరిగి రెండు నెలలు నిండకముందే, 1978 అక్టోబరు 20న, ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అందుకు 1948 నాటి చట్టాన్ని బయటికి తీసింది. వాడకు నీళ్లు ముట్టనియ్యనన్ని రోజులు ప్రాంతం శాంతంగా ఉన్నట్టు లెక్క. దొరగారి గడ్డం పెరిగితే కల్లోలం.

తర్వాతి కాలంలో నేత కార్మికుల ఆత్మహత్యలప్పుడు పత్రికలు సిరిసిల్లను 'ఉరిసిల్ల' అని రాశాయి. ఆ వ్యంగ్యం నాకు నచ్చదు. అది మగ్గం మీద కూర్చున్నోళ్ల నోట పుట్టింది కాదు.

జగిత్యాల పోరాటాల్లోంచే అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' నవల వచ్చింది. ఉద్యమ సాహిత్యంలో కోపాన్ని వెతికినంతగా మన విమర్శ ఎకసెక్కాన్ని వెతకలేదు. వాడల్లో అది పుష్కలంగా ఉండె. వెలి నడిచిన రోజుల్లో మా నాయనమ్మ పాత మాటను మార్చిందట: "మా దొర ఎంత కష్టజీవి బిడ్డా! ఆయన నీళ్లు ఆయనే తోడుకుంటున్నడు."