చిన్న వ్యాపారాల వెబ్‌సైటు నిర్వహణ

చిన్న వ్యాపారాల వెబ్‌సైటు నిర్వహణ అనగా కొద్దిమంది పనివారితో నడిచే దుకాణాలు, మిల్లులు, మరమ్మతు కేంద్రాలు, చేనేత సంఘాలు వంటివి అంతర్జాలంలో తమకంటూ ఒక చిరునామాను ఏర్పరచుకొని, అందులోని సమాచారాన్ని సరిగా ఉంచుతూ, దాని ద్వారా కొనుగోలుదారులను చేరుకొనే పని. ఇందులో రెండు భాగాలు కలవు. మొదటిది వెబ్‌సైటును కాపాడుకొనుట. రెండవది దానిని నలుగురికీ తెలియజేయుట. దీనినే ఆన్‌లైన్ ప్రచారం లేదా ఆన్‌లైన్ మార్కెటింగ్ అంటారు. చాలామంది వ్యాపారులు రెండవ దానికి డబ్బు ఖర్చు చేసి, మొదటి దానిని ఇతరులకు వదలివేస్తారు. అయితే పేరు, పాస్‌వర్డు యజమాని చేతిలో లేని వెబ్‌సైటుకు ఎంత ప్రచారం చేసినా ఆ ఫలితం నిలవదు. ఈ వ్యాసంలో తెలంగాణలోని హాలియా, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతపు వ్యాపారాలను ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించబడినది.

నేపథ్యం

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రారంభమయ్యాయి. మరుసటి సంవత్సరమే, 1996లో, వ్యాపారుల వివరాలను ఒకచోట చేర్చే ఇండియామార్ట్ మొదలైనది. అప్పట్లో వెబ్‌సైటు పెద్ద సంస్థలకే సాధ్యమయ్యేది. 2005లో .ఇన్ డొమైను పేర్లను అందరికీ సులభంగా దొరికేటట్లు చేయడంతో చిన్న వ్యాపారులకు కూడా సొంత పేరు అందుబాటులోకి వచ్చినది. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల వలన ప్రోగ్రామింగు తెలియనివారు కూడా పేజీలు తయారు చేసుకోగలిగారు. 2016లో యూపీఐ చెల్లింపులు, 2018లో వాట్సాప్ బిజినెస్ వచ్చిన తరువాత పల్లె దుకాణం కూడా ఫోనులోనే బేరం, చెల్లింపు ముగించగలుగుతున్నది.

ప్రాంతీయ పరిస్థితి

నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారే ఈ ప్రాంతానికి వరి ప్రధాన పంట. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. హాలియా, నల్గొండ నుండి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో ఉన్న పట్టణం. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఈ నాలుగు ఊళ్ళలోని వ్యాపారాలన్నింటికీ ఒకే రకమైన వెబ్‌సైటు పనికిరాదు. వ్యాపారాన్ని బట్టి అవసరం మారుతుంది.

* బియ్యపు మిల్లు: కొనేవారు దూరపు నగరాలలోని టోకు వర్తకులు. రకాలు, బస్తా బరువు, బియ్యం కొత్తవో పాతవో, రవాణా వివరాలు తెలిపే పూర్తి వెబ్‌సైటు వీరికి ఉపయోగం.
* రహదారి పక్క హోటలు: ప్రయాణికుడు బండిలో కూర్చొని పటంలో వెతుకుతాడు. వీరికి వెబ్‌సైటు కన్నా ఆన్‌లైన్ పటంలో సరైన స్థానం, తెరిచి ఉండే వేళలు ముఖ్యం.
* విత్తనాలు, ఎరువుల దుకాణం, ట్రాక్టరు మరమ్మతు: కొనేవారు చుట్టుపక్కల ఊళ్ళ రైతులు. ఫోను నంబరు, వాట్సాప్‌లో సరుకుల పట్టిక చాలు. వానాకాలం, యాసంగి సాగుకు ముందే వివరాలను సరిచూసుకోవాలి.
* చేనేత: పూర్వపు నల్గొండ జిల్లాలోని పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించినది. అదే నమూనాను మిల్లు బట్ట మీద అచ్చువేసి తక్కువ ధరకు అమ్మేవారు ఆన్‌లైన్‌లో అనేకులు. కనుక నేత సంఘపు వెబ్‌సైటులో బట్ట మగ్గంపై నేసినదని స్పష్టంగా చెప్పి, 2006లో ప్రవేశపెట్టిన చేనేత గుర్తును, మగ్గం ఫోటోలను చూపించుట మేలు.

డొమైను పేరు, యాజమాన్యం

వెబ్‌సైటుకు మూడు అంగాలు. డొమైను పేరు దుకాణపు బోర్డు వంటిది. హోస్టింగు, అంటే పేజీలు నిలువ ఉండే సర్వరు స్థలం, దుకాణపు గది వంటిది. పేజీలలోని సమాచారం సరుకు వంటిది. గది మారినా, సరుకు మారినా బోర్డు అదే ఉంటే పాత ఖాతాదారు వెతుక్కుంటూ వస్తాడు. బోర్డే పోతే మిగిలిన రెండూ ఉన్నా ప్రయోజనం లేదు.

చిన్న పట్టణాలలో సాధారణంగా జరిగేది ఇది. వెబ్‌సైటు తయారు చేసే యువకుడు డొమైను పేరును తన ఈమెయిలుతో, తన పేరిట నమోదు చేస్తాడు. కొన్నాళ్ళకు అతడు ఉద్యోగం దొరికి ఊరు విడిచి వెళతాడు. గడువు ముగుస్తున్నదని వచ్చే హెచ్చరికలు అతని ఈమెయిలుకే పోతాయి. గడువు దాటితే వెబ్‌సైటు, దానితో కూడిన ఈమెయిలు రెండూ ఆగిపోతాయి. ఆ తరువాత ఇచ్చే కొద్దిపాటి అదనపు గడువు కూడా ముగిస్తే పేరు మళ్ళీ అమ్మకానికి వస్తుంది, ఎవరైనా కొనవచ్చు. లారీల మీద, బస్తాల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చువేసిన చిరునామా పోటీదారునికో మోసగానికో చేరవచ్చు. .ఇన్ పేర్ల వివాదాల పరిష్కారానికి నిక్సీ సంస్థ మధ్యవర్తిత్వ విధానం ఉన్నప్పటికీ, దానికి కాలం, ఖర్చు రెండూ అవసరం. ముందు జాగ్రత్త అంతకంటే సులభం:

1. డొమైను పేరు యజమాని పేరిట, యజమాని ఈమెయిలుతో, యజమాని ఫోను నంబరుతో నమోదు చేయించవలెను.
2. రిజిస్ట్రారు ఖాతా పాస్‌వర్డును యజమాని తన వద్ద వ్రాసి భద్రపరచవలెను. తయారీదారునికి పని చేయుటకు అవసరమైనంత అనుమతి మాత్రమే ఇవ్వవచ్చు.
3. వీలైతే ఒకేసారి కొన్ని సంవత్సరాలకు రుసుము చెల్లించవలెను. లేనిచో గడువు తేదీని ఖాతా పుస్తకంలో వ్రాసుకొనవలెను.
4. పని అప్పగించే ముందే ఫైళ్ళు, ఫోటోలు, డొమైను ఎవరికి చెందుతాయో కాగితం మీద వ్రాసుకొనుట మంచిది.

డొమైను పేరు చిన్నదిగా, ఫోనులో చెబితే తప్పు లేకుండా వ్రాసుకొనగలిగేదిగా ఉండాలి. ఊరి పేరు చేర్చేవారు దాని ఇంగ్లీషు వర్ణక్రమాన్ని గమనించాలి. హాలియాను 'వై' అక్షరంతోనూ, అది లేకుండానూ వ్రాస్తారు. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ పేర్లకు కూడా ఒకటి కంటే ఎక్కువ వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయి. పేజీలలో ఈ రూపాలన్నీ ఎక్కడో ఒకచోట కనిపిస్తే, ఏ రూపంతో వెతికినా దొరికే అవకాశం పెరుగుతుంది. తెలుగు లిపిలోనే .భారత్ డొమైను పేరు తీసుకొనే వీలు కూడా కలదు.

ఉండవలసిన సమాచారం

మంచి వెబ్‌సైటుకు అలంకారం కన్నా సమాచారం ముఖ్యం. వ్యాపారపు పూర్తి పేరు, చిరునామా, పిన్‌కోడు, ఫోను, పని వేళలు, సెలవు దినం మొదటి పేజీలోనే ఉండాలి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం, 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాయి. అంతకు ముందు తయారైన పేజీలలో ఆంధ్ర ప్రదేశ్ అనో, సూర్యాపేట, కోదాడలకు నల్గొండ జిల్లా అనో మిగిలిపోయిన చిరునామాలను సరిచేయవలెను.

సరుకును కొనేవారు పిలిచే పేరుతోనే వ్రాయాలి. "నాణ్యమైన బియ్యం" అని వెతికేవారు తక్కువ. 1986లో విడుదలైన సాంబా మసూరిని బీపీటీ 5204 అని, తెలంగాణ సోనాను ఆర్.ఎన్.ఆర్. 15048 అని కూడా అడుగుతారు. రెండు పేర్లూ వ్రాసినప్పుడే ఇద్దరు కొనుగోలుదారులకూ పేజీ దొరుకుతుంది. బస్తా బరువు కూడా తప్పక చెప్పాలి. 2022 జూలై 18 నుండి 25 కిలోల వరకు ముందుగా ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యంపై 5 శాతం జీఎస్‌టీ విధించడంతో 26 కిలోల బస్తాలు వాడుకలోకి వచ్చాయి. బరువు చెప్పకుండా బస్తా ధర మాత్రమే చెబితే పోల్చి చూచుకొనుటకు వీలుండదు.

తెలుగులో సమాచారం

ఈ ప్రాంతంలో కరపత్రాలు, ఫ్లెక్సీలు డీటీపీ కేంద్రాలలో అను వంటి ఫాంట్లతో తయారవుతాయి. ఆ ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని నేరుగా వెబ్‌సైటులో అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తుంది. వెబ్‌సైటుకు యూనికోడ్ తెలుగు అవసరం. ఫోనులోని తెలుగు కీబోర్డుతో టైపు చేసినది యూనికోడే. అలాగే ఫ్లెక్సీ బొమ్మనే పేజీగా పెట్టేవారు ఉన్నారు. బొమ్మలోని అక్షరాలను వెతుకులాట యంత్రాలు పాఠాన్ని చదివినంత కచ్చితంగా చదవలేవు. చూపు లేనివారి కోసం పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ అవి అందవు. ఫోను నంబరు బొమ్మలో ఉంటే దానిని నొక్కి ఫోను చేయుట కూడా కుదరదు.

నిత్య నిర్వహణ

* ధరలు: మారిన వెంటనే సరిచేయాలి. రోజూ మారే సరుకుకు ధర వ్రాసి, అది ఏ తేదీ నాటిదో పక్కనే తెలపాలి. అంత తీరిక లేనప్పుడు ధర వ్రాయకుండా ఫోనులో అడగమని చెప్పుట మేలు.
* నకలు: ఫైళ్ళ నకలును నెలకొకసారి వేరే కంప్యూటరులో గానీ, పెన్‌డ్రైవులో గానీ దాచాలి. సర్వరులోనే దాచిన నకలు, సర్వరు చెడినప్పుడు ఉపయోగపడదు.
* నవీకరణ: వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేరును, దాని ప్లగిన్‌లను ఎప్పటికప్పుడు నవీకరించాలి. పాత కూర్పులలోని లోపాల ద్వారానే ఎక్కువగా దొంగలు చొరబడతారు.
* భద్రత: 2018 జూలై నుండి క్రోమ్ బ్రౌజరు, హెచ్‌టీటీపీఎస్ లేని వెబ్‌సైట్లను సురక్షితం కావని చూపుతున్నది. అవసరమైన ధ్రువపత్రాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇస్తుంది. రిజిస్ట్రారు, ఈమెయిలు ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి.
* ఫోటోలు: ఫోనుతో తీసిన ఫోటో అనేక మెగాబైట్లు ఉంటుంది. పరిమాణం తగ్గించి ఎక్కిస్తే, సిగ్నలు బలహీనంగా ఉన్న పల్లెలో కూడా పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

ప్రచార మార్గాలు

ఉచితమైన వాటిలో మొదటిది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2014లో గూగుల్ మై బిజినెస్‌గా మొదలైన ఈ సేవకు 2021లో ప్రస్తుత పేరు పెట్టారు. దుకాణం పటంలో సరైన చోట ఉన్నదా, ఫోను నంబరు తమదేనా అని అప్పుడప్పుడు చూచుకోవాలి. వెబ్‌సైటు, పటం, వాట్సాప్, బోర్డు అన్నింటిలో పేరు, చిరునామా, నంబరు ఒకే విధంగా ఉండాలి.

సమీక్షలు వ్యాపారానికి ఆధారం. సరుకు పుచ్చుకొన్నవారిని సమీక్ష వ్రాయమని అడుగుట తప్పు కాదు. డబ్బిచ్చి వ్రాయించుకొనుట మోసం. ఆన్‌లైన్ సమీక్షల కొరకు భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని వెలువరించినది. చెడు సమీక్ష వచ్చినప్పుడు వాదనకు దిగక, ఏమి సరిచేశారో మర్యాదగా వ్రాస్తే చదివే మూడవ వ్యక్తికి నమ్మకం కలుగుతుంది.

డబ్బు చెల్లించే ప్రకటనలను చిన్న మొత్తంతో, చిన్న ప్రాంతానికి పరిమితం చేసి మొదలుపెట్టాలి. హాలియాలోని పంపుసెట్ల మెకానిక్కు హైదరాబాదులో ప్రకటన కనిపించినందువలన లాభం లేదు. ఫోను చేసిన ప్రతివారినీ "మా సంగతి ఎలా తెలిసింది" అని అడిగి ఒక పుస్తకంలో వ్రాసుకొంటే, నెల తిరిగేసరికి ఏ మార్గం పనిచేస్తున్నదో తెలుస్తుంది. పేజీని ఎంతమంది చూశారన్న లెక్క కన్నా, ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు అన్న లెక్కే అసలైనది.

ఇతరుల వేదికలపై ఆధారపడుట

సామాజిక మాధ్యమాలు ప్రచారానికి ఉపయోగకరమే గాని అవి ఇతరుల స్థలాలు. ఉచిత వెబ్‌పేజీలిచ్చిన యాహూ జియోసిటీస్ 2009లో మూతపడినది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో నిలిచిపోయాయి. టిక్‌టాక్‌ను భారత ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించినప్పుడు దాని మీదనే ఆధారపడినవారు అనుచరులందరినీ ఒక్క రోజులో కోల్పోయారు. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు కూడా 2024 మార్చిలో ఆగిపోయాయి. అందువలన ఇతర వేదికలలో పెట్టే ప్రతి ప్రకటనలో సొంత డొమైను చిరునామాను చూపుట, ఖాతాదారుల నంబర్లను వారి అనుమతితో తమ వద్ద నమోదు చేసుకొనుట అవసరం.

చట్టపరమైన విషయాలు

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు ప్రకటించవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలరోజులలో పరిష్కరించవలెను. ప్యాక్ చేసిన సరుకును ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు గరిష్ఠ చిల్లర ధర, నికర బరువు, తయారీదారు పేరు చూపవలెను. ఆహార పదార్థాల లేబులుపై 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉండవలెను. ఖాతాదారుల వివరాలను సేకరించేవారు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023ను గమనించవలెను.

మోసాలు

వెతుకులాటలో మొదటి స్థానం ఖాయమని హామీ ఇచ్చేవారిని నమ్మరాదు. ఆ స్థానాన్ని ఎవరూ హామీగా ఇవ్వలేరు. డొమైను గడువు ముగిసినదంటూ రిజిస్ట్రారు కాని ఇతరులు పంపే బిల్లులు మరొక మోసం. లింకు నొక్కకుండా, యజమాని తానే రిజిస్ట్రారు ఖాతాలోకి వెళ్ళి గడువు తేదీ చూచుకోవాలి. పెద్ద ఆర్డరు ఇస్తామని చెప్పి, డబ్బు పంపుటకు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవారి విషయంలో జాగ్రత్త అవసరం. యూపీఐలో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ ఇవ్వవలసిన పని లేదు. పిన్ అడిగారంటే అది చెల్లింపే. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఇవి కూడా చూడండి

* మిర్యాలగూడ
* హాలియా
* పోచంపల్లి చీర
* డొమైను పేరు
* యూనికోడ్