అల్జీమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ-4 జన్యువు: పాత్ర, చికిత్సా మార్గాలు

మతిమరుపుతో మొదలై, క్రమంగా ఆలోచనను, మాటను, చివరకు సొంత పనులు చేసుకునే శక్తిని హరించే వ్యాధి అల్జీమర్స్. డిమెన్షియాకు ప్రధాన కారణం ఇదే. దేశంలో అరవై ఏళ్లు దాటిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. వృద్ధాప్యంలో వచ్చే అల్జీమర్స్‌కు అత్యంత బలమైన జన్యు కారకంగా ఏపీఓఈ-4ను శాస్త్రవేత్తలు గుర్తించారు.

జన్యువు పాత్ర

19వ క్రోమోజోముపై ఉండే ఏపీఓఈ జన్యువు, మెదడులో కొలెస్ట్రాల్ తదితర కొవ్వులను చేరవేసే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. దీనికి 2, 3, 4 అనే మూడు ప్రధాన రూపాలున్నాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి ఒక్కరికీ రెండు ప్రతులు సంక్రమిస్తాయి. మూడో రూపం సర్వసాధారణం కాగా, రెండోది కొంత రక్షణ ఇస్తుంది. నాలుగో రూపం ఉన్నవారి మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ త్వరగా తొలగిపోక గడ్డలుగా పేరుకుంటుంది. ఈ సంబంధాన్ని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993లో వెల్లడించారు. ఒక ప్రతి ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండుంటే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు పెరుగుతుందని అంచనా. అయితే ఈ జన్యువు ఉన్న వారందరికీ వ్యాధి రాదు. లేనివారికి రాదన్న భరోసా కూడా లేదు.

చికిత్సలో చిక్కు

అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికా ఆమోదం తెలిపింది. ఇవి వ్యాధిని నయం చేయవు. తొలి దశలో దాని వేగాన్ని తగ్గిస్తాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికే వీటి దుష్ప్రభావాలూ ఎక్కువ కావడం అసలు చిక్కు. లెకానెమాబ్ పరీక్షల్లో ఏపీఓఈ-4 లేనివారిలో 5.4 శాతం మందికి మెదడు వాపు కనిపించగా, రెండు ప్రతులున్నవారిలో అది 32.6 శాతానికి చేరింది. అందుకే చికిత్సకు ముందే జన్యు పరీక్ష చేయించాలని వైద్యులకు సూచనలున్నాయి. రక్షణనిచ్చే రెండో రూపాన్ని మెదడుకు అందించే జన్యు చికిత్స ఇంకా ప్రయోగ దశలోనే ఉంది.

హైదరాబాద్ అనుభవం

జన్యువే సర్వస్వం కాదనేందుకు తెలుగునేల నుంచీ ఆధారముంది. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు 2013లో ప్రకటించింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, పొగతాగడం సహా 14 కారకాలను అదుపు చేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని 2024 లాన్సెట్ కమిషన్ పేర్కొంది. పుట్టుకతో వచ్చిన జన్యువును మార్చుకోలేకపోయినా, ఈ కారకాల్లో చాలావాటిని అదుపులో ఉంచుకోవడం సాధ్యమే.