ఖమ్మం టీకా కేసు: సంతకం ఎవరిది, పరిహారం ఎవరికి?

మన చరిత్ర అనగానే కారం తమ్మన్నదొర, గాం గంటందొర, అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్ గుర్తుకొస్తారు. ఆ పేర్లు పుస్తకాలకెక్కాయి. మొన్నమొన్న 2009లో మన ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో జరిగిన సంగతి మాత్రం మీలో చాలామందికి తెలియదు. అప్పటికి మీరు పసిపిల్లలు, లేదా పుట్టనే లేదు. ఆ సంగతి పార్లమెంటు దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హాస్టల్ వార్డెన్లుగా మాకు అది వృత్తికి సంబంధించిన పాఠం కూడా, అందుకే ఈ సంచికకు దాన్నే ఎంచుకున్నాం.

మేము ఉండేది వట్లూరులో, కొల్లేటికి దగ్గర. భద్రాచలం ఎక్కడ, మనమెక్కడ అనుకోకండి. ఈనాడు మన ఏలూరు జిల్లాలో ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లావే. రాష్ట్ర విభజనప్పుడు పశ్చిమ గోదావరిలో కలిశాయి, 2022లో ఏలూరు జిల్లాకు వచ్చాయి. గోదావరికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకే చుట్టరికం వాళ్ళు. అక్కడ జరిగింది మనింట్లో జరిగినట్టే.

2009 జులైలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. ఇక్కడ వాడింది గార్డాసిల్, ఒక్కో పిల్లకు మూడు డోసులు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో దాదాపు 14,000 మందిని ఎంచుకున్నారు. గుజరాత్‌లోని వడోదరలో సెర్వారిక్స్ అనే మరో టీకాతో ఇదే పని జరిగింది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలను కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి.

కొన్ని నెలలకు మరణాల వార్తలు బయటికొచ్చాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు. మహిళా సంఘాలు, ఆరోగ్య హక్కుల సంఘాలు భద్రాచలం వచ్చి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపించి, విచారణ కమిటీ వేసింది. ఒక పిల్ల క్వారీ నీళ్ళలో పడి, ఒకరు పాము కాటుకు, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో చనిపోయారని, టీకాకూ వీటికీ సంబంధం కనబడలేదని అధికారులు తేల్చారు. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా చెప్పలేకపోయారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ టీకా పిల్లల్ని చంపిందని మేము అనడం లేదు. ప్రపంచంలో కోట్లమంది వేయించుకున్న టీకా అది. మన దేశంలోనే తయారైన సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రమే చెప్పింది. ఆసుపత్రి దూరమైన గూడేల్లో ఆ క్యాన్సర్ ముదిరాక గానీ తెలియదు. కనుక టీకా మనకే ఎక్కువ అవసరం. మా గొడవ టీకాతో కాదు, వేసిన పద్ధతితో.

పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న తన 72వ నివేదిక ఇచ్చింది. అందులో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలు, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు! తల్లిదండ్రుల బదులు హెడ్మాస్టర్లు, వార్డెన్లు సంతకం పెట్టవచ్చని పైనుంచి ఆదేశాలు వెళ్ళాయి. వార్డెన్ పిల్లకు అన్నం పెట్టగలదు, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చోగలదు. కానీ చట్టం దృష్టిలో తల్లీ కాదు, తండ్రీ కాదు. ఆదేశం వచ్చినంత మాత్రాన ఆ హక్కు రాదు. గూడెం దూరం, ఫోను అందదు, తల్లి కూలికి పోయింది... ఈ కారణాలన్నీ నిజమే. ఆదివారం హాస్టల్‌కు వచ్చే తల్లుల్ని కూర్చోబెట్టి కోయలోనో తెలుగులోనో చెప్పడానికి ఒక నెల పట్టేది, అంతే.

ఇక పరిహారం సంగతి. ఇక్కడే అసలు చిక్కు. దీన్ని నడిపినవాళ్ళు ‘ప్రదర్శనాత్మక ప్రాజెక్టు’ అన్నారు. టీకాకు అప్పటికే అనుమతి ఉంది కాబట్టి ఇది క్లినికల్ ట్రయల్ కాదన్నది వాళ్ళ వాదన. స్థాయీ సంఘం ఒప్పుకోలేదు. ట్రయల్ నిబంధనలను తప్పించుకోవడానికే ఆ పేరు పెట్టారని తప్పుపట్టింది. పేరులో ఏముంది అంటారా? పరిహారమంతా పేరులోనే ఉంది. పరిశోధనలో పాల్గొని దెబ్బతిన్న మనిషికి పరిహారం ఇవ్వాలని వైద్య పరిశోధన మండలి 2006 మార్గదర్శకాలే చెబుతున్నాయి. తర్వాత 2013లో, 2019లో వచ్చిన నిబంధనలు దాన్ని చట్టబద్ధం చేశాయి. 2019 నిబంధనల్లో ఒక సూత్రం ఉంది. 8 లక్షల రూపాయల్ని మూలంగా తీసుకుని, వయసును బట్టి, ముందునుంచీ ఉన్న ముప్పును బట్టి లెక్కకడతారు. ఆరోగ్యంగా ఉన్న 16 ఏళ్ళ లోపు పిల్ల ట్రయల్ వల్ల చనిపోతే ఆ లెక్క సుమారు 73 లక్షలకు తేలుతుంది. అదే ‘ప్రాజెక్టు’ అయితే ఈ సూత్రం దగ్గరికే రాదు.

కల్పనా మెహతా, నళినీ భనోత్, మన తెలుగు నేలలో పనిచేస్తున్న వి. రుక్మిణీరావు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మరుసటి ఏడాది ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థ కూడా కలిసింది. మరణాలు, పరిహారం ఆ కేసులో ఉన్నాయి. విచారణలో వేరే ప్రశ్న అడ్డొచ్చింది: పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులో చూపవచ్చా? దీని మీద ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 మే 9న తీర్పు చెప్పింది. చూపవచ్చు, కోర్టు దాన్ని గమనంలోకి తీసుకోవచ్చు, కానీ ఆ నివేదిక తప్పా ఒప్పా అని కోర్టులో వాదించడానికి లేదు. అంటే ఎవరికి నష్టం జరిగింది, ఎలా జరిగింది అన్నది విడి సాక్ష్యంతో నిరూపించుకోవలసిందే. పిల్లలు పోయి తొమ్మిదేళ్ళయ్యాక తేలింది ఈ ఒక్క ప్రశ్న.

సాక్ష్యం ఎక్కడిది? ఒక పిల్ల మరణానికి పోస్టుమార్టం లేకుండానే మెదడులో రక్తస్రావం అని కారణం చెప్పారని స్థాయీ సంఘం వేలెత్తి చూపింది. మన ఇళ్ళలో చిన్నపిల్ల పోతే పొద్దుగూకేలోపు మట్టిచేస్తాం. కడుపు కోసే మాటే మనవాళ్ళకు గిట్టదు. ఆ బాధ మాకు తెలుసు. కానీ ఆ కాగితం లేకపోతే టీకా కారణమనీ చెప్పలేం, కాదనీ నమ్మలేం. అనుమానం మాత్రం గూడెంలో మిగిలిపోతుంది, తర్వాత వచ్చిన ఏఎన్‌ఎమ్మను చూసి తలుపులు మూసేస్తారు.

వేరే దేశాల్లో ఈ నిరూపణ బరువును కొంత తగ్గించారు. అమెరికాలో 1986లో చట్టం తెచ్చి, 1988 నుంచి ఒక నిధి నడుపుతున్నారు. ప్రతి డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకు 75 సెంట్ల చొప్పున పన్ను వేసి ఆ డబ్బుతో పరిహారమిస్తారు. ఎవరి తప్పు అన్నది నిరూపించనక్కర్లేదు. బ్రిటన్‌లో 1979 నుంచి ఇలాంటిదే ఉంది. మన దగ్గర కోవిడ్ టీకా తర్వాత కూతుళ్ళను పోగొట్టుకున్న రెండు కుటుంబాలు సుప్రీంకోర్టుకు వెళితే, 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన జవాబు వేరు. టీకా స్వచ్ఛందం, ప్రభుత్వానికి బాధ్యత లేదు, కావాలంటే సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు అని. హాస్టల్ పిల్ల తండ్రికి సివిల్ దావా అంటే ఏమిటో ఆ జవాబు రాసినవాళ్ళకు తెలిసినట్టు లేదు.

కనుక చదువుకున్న మీరు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. టీకా తర్వాత పిల్లకు తీవ్రంగా బాగోలేకపోతే వెంటనే ఏఎన్‌ఎమ్‌కు, పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పి రాయించాలి. జిల్లాలో దీనికోసం ఒక కమిటీ ఉంటుంది. అది టీకాకు సంబంధం ఉందా లేదా అని పరిశీలిస్తుంది. టీకా కార్డు, మందు చీటీలు పారేయకూడదు. కార్డు ఇంగ్లీషులో ఉంటే ఇంట్లోవాళ్ళకు చదివి చెప్పడం మీ పని.

ఇంకొకటి, రాజీ గురించి. ఆపదలో ఉన్న ఇంటికి ఎవరో మధ్యవర్తి వచ్చి కొంత డబ్బు పెట్టి ‘ఇకపై ఏ హక్కూ కోరం’ అన్న కాగితం మీద నిశానీ వేయించుకోవడం మన ఏజెన్సీకి కొత్త కాదు. మైనర్ తరఫున కోర్టులో దావా నడుస్తుంటే, కోర్టు అనుమతి లేకుండా తండ్రి అయినా రాజీ పడకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు, 7వ రూలు చెబుతోంది. అనుమతి లేని రాజీని ఆ పిల్ల తర్వాత రద్దు చేయించుకోవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే అక్కడ సంతకానికి ముందే అంకె, గడువు, వైద్యం ఖర్చు ఎవరిదన్నది స్పష్టంగా రాయించుకోవాలి.

లాయరుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఏలూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోను చేయాలంటే 15100. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు, టీకా కార్డు, ఆసుపత్రి కాగితాలు తీసుకెళ్ళండి, అర్జీ తెలుగులోనే రాయవచ్చు.