స్లీప్ ఆప్నియా రోగుల స్వీయసామర్థ్య ప్రశ్నావళి – టర్కిష్ అనువాదం, ప్రామాణీకరణ : చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఒక భాషలో రూపొందిన ప్రశ్నావళి మరొక భాషలోకి వెళ్ళినప్పుడు మాటలతోపాటు అది కొలిచే విషయం కూడా మారిపోయే ప్రమాదం ఉంది. స్లీప్ ఆప్నియా రోగుల స్వీయసామర్థ్య ప్రశ్నావళి టర్కిష్ భాషలోకి వెళ్ళిన తీరు ఈ సమస్యకు మంచి ఉదాహరణ.

ప్రశ్నావళి అవసరం:
నిద్రలో గొంతు భాగం మూసుకుపోయి శ్వాస పదేపదే ఆగిపోవడమే అవరోధక స్లీప్ ఆప్నియా. ముక్కు ద్వారా నిరంతరం గాలి ఒత్తిడిని పంపితే శ్వాసమార్గం తెరుచుకొని ఉంటుందని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ బృందం నిరూపించింది. అదే సీప్యాప్ చికిత్స. చికిత్స దొరికింది కాని, రాత్రంతా మాస్కు పెట్టుకొని పడుకోవడం రోగులకు కష్టమైంది. 1993లో నాన్సీ క్రిబ్స్ బృందం 35 మంది రోగుల మాటను, యంత్రం నమోదు చేసిన గంటలను పోల్చింది. 60 శాతం మంది రోజూ వాడుతున్నామన్నారు. పరిశీలించిన రోజుల్లో 70 శాతం రోజులు కనీసం 4 గంటల చొప్పున వాడినవారు మాత్రం 16 మందే.

ఈ అంతరానికి కారణాలను వెతికిన పరిశోధకులకు ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయసామర్థ్య భావన ఉపకరించింది. నిర్దిష్టమైన పనిని నిర్దిష్టమైన పరిస్థితిలో చేయగలనన్న నమ్మకమే స్వీయసామర్థ్యం. దీని ఆధారంగా టెర్రీ వీవర్ బృందం 2003లో ఆంగ్ల ప్రశ్నావళిని ప్రచురించింది. వ్యాధి వల్ల కలిగే ముప్పుపై అవగాహన, చికిత్సా ఫలితాలపై ఆశ, ఇబ్బందులున్నా చికిత్స కొనసాగించగలనన్న నమ్మకం అనేవి ఇందులోని మూడు విభాగాలు.

టర్కిష్‌లో పదసమస్య:
1928 లిపి సంస్కరణ, 1932లో ఏర్పడిన భాషా సంఘం కృషి ఫలితంగా టర్కిష్‌లో అనేక అరబ్బీ, పారశీక పదాల స్థానంలో దేశీయ పదాలు వచ్చాయి. ‘తాను’ అనే అర్థమున్న ‘ఓజ్’ చేర్చి కల్పించిన పదాలు వాటిలో కొన్ని. ‘ఓజ్‌గ్యువెన్’ అంటే ఆత్మవిశ్వాసం, ‘ఓజ్‌యెతెర్లిలిక్’ అంటే స్వీయసామర్థ్యం. మొదటిది వ్యవహారంలో ఉన్న మాట, రెండవది విద్యారంగపు మాట. రోగికి సులభంగా ఉండాలని మొదటి భావం వైపు మొగ్గితే మనిషి స్వభావాన్ని కొలిచినట్లవుతుంది కాని, మాస్కు పెట్టుకోగలనన్న నమ్మకాన్ని కొలిచినట్లు కాదు.

వ్యాకరణం మరో చిక్కు. టర్కిష్‌లో ‘-సా’ ప్రత్యయం షరతును తెలుపుతుంది. దానికి ‘బిలే’ చేరితే ‘అయినప్పటికీ’ అన్న అర్థం వస్తుంది. తెలుగులో ‘ముక్కు దిబ్బడ వేస్తే’, ‘ముక్కు దిబ్బడ వేసినా’ అనే రెండింటి మధ్య ఉన్న భేదమే ఇది. స్వీయసామర్థ్యాన్ని తెలిపేది రెండవ రూపమే.

పరీక్షల పరిధి:
ఇటువంటి దోషాలను పట్టుకోవడానికి రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ప్రతి-అనువాద పద్ధతిని క్రమబద్ధం చేశారు. ప్రత్యయ భేదం వంటివి ఇందులో బయటపడతాయి. అయితే మూలాన్ని ఊహించగల ద్విభాషా పండితుడు అనువాద లోపాన్ని తెలియకుండానే సరిదిద్దవచ్చు. 1951 నాటి క్రాన్‌బాక్ ఆల్ఫా అంశాల మధ్య పొందికను మాత్రమే చూపుతుంది. అన్ని అంశాలూ ఒకేవిధంగా దారి తప్పినా ఆ విలువ ఎక్కువగానే ఉండవచ్చు. అంటే విశ్వసనీయత ఉన్నంత మాత్రాన సప్రమాణత సిద్ధించదు.

ముగింపు:
కాబట్టి అనువాద ప్రశ్నావళికి రెండు సాక్ష్యాలు తప్పనిసరి. ప్రతి ప్రశ్నను రోగి ఎలా అర్థం చేసుకున్నాడో అతని మాటల్లోనే వినడం ఒకటి. ప్రశ్నావళి మార్కులను యంత్రం నమోదు చేసిన గంటలతో పోల్చడం రెండవది. తప్పుగా కొలిచే ప్రశ్నావళి, సహాయం అవసరమైన రోగిని ధీమాగా ఉన్నవాడిగా చూపుతుంది. అతడు మాస్కు పక్కన పెట్టి నిద్రపోతే ఆగేది శ్వాసే. ‘ఆత్మవిశ్వాసం’, ‘స్వీయసామర్థ్యం’ అనే మాటలను పర్యాయాలుగా వాడే తెలుగు ప్రశ్నావళుల రూపకర్తలకూ ఈ టర్కిష్ అనుభవం గమనింపదగినది.