పాలమూరు మార్తలు

చర్చి స్త్రీల కూడికల్లో ఎన్నిసార్లు విన్నా మళ్ళీ వినిపించే ప్రసంగం మార్త మరియలది. లూకా సువార్త 10వ అధ్యాయం. ఇంటికి వచ్చిన యేసు కోసం మార్త పనుల్లో సతమతమవుతుంది. చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటుంది. మరియ ఎంచుకున్నదే మంచిదని ఆయన అంటాడు. కథ అక్కడ ఆగితే పేచీ లేదు. కానీ ప్రసంగీకులు ఆగరు. మార్తలా పని చేస్తూనే మరియలా కూర్చోవాలని, ఆ సమతుల్యతే ఆత్మీయ జీవితమని ముగిస్తారు. ఒకే మనిషి ఒకే గడియలో పొయ్యి దగ్గరా పాదాల దగ్గరా ఎట్లా ఉంటుందో మాత్రం చెప్పరు. మగవాళ్ళ కూడికలో ఈ ప్రసంగం చేయగా నేనింతవరకు వినలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మిషన్ చరిత్ర చదువుతున్నప్పుడు ఈ ప్రసంగమే పదే పదే గుర్తొచ్చింది. నిజాం రాజ్యంలోని ఈ మెట్టప్రాంతానికి అమెరికన్ బాప్టిస్టులు 1885లో వచ్చి పాలమూరులో కేంద్రం పెట్టారు. 1890లో రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ దంపతులు అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ ఆ బాప్టిస్టు మిషన్ కిందే నల్లగొండలో పని మొదలుపెట్టారు. 1899 నుంచి అమెరికన్ మెనోనైట్ బ్రెదరన్ వాళ్ళు వచ్చారు. తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ వాళ్ళ కేంద్రాలయ్యాయి. మతం మారినవాళ్ళలో అత్యధికులు మాదిగలు, మాలలు. చరిత్ర పుస్తకాలు ఇంతవరకు చెప్తాయి. స్థాపకుల పేర్లు, కేంద్రాల పేర్లు, బాప్తిస్మాల సంఖ్యలు.

ఆ సంఖ్యల వెనక బైబిలు స్త్రీలున్నారు. చాలామంది వితంతువులు, లేదా బోధకుల భార్యలు. ఊరూరా నడిచి స్త్రీలకు కథలు చెప్పడం, పాటలు నేర్పడం, అక్షరాలు దిద్దించడం, రోగుల పక్కన కూర్చోవడం, పురుష బోధకుడు గడప తొక్కలేని ఇళ్ళలోకి వెళ్ళడం వాళ్ళ పని. దొరసాని పర్యవేక్షణలో నడవాలి, ఊళ్ళో కులం గీసిన గీతల మధ్య నడవాలి. జీతం ఇచ్చినా పురుష బోధకుడి జీతం కంటే తక్కువ. బోధకుడి భార్యకైతే చాలాసార్లు అదీ లేదు, భర్త జీతంలోనే ఆమె పనీ కలిసిపోయింది. నివేదికల్లో తరచుగా ఒక అంకె, లేదంటే ఇంటిపేరు లేని ఒక చిన్న పేరు.

ఈ చరిత్రలో పూర్తి పేరుతో నిలిచిన స్త్రీ కాథరీనా షెల్లెన్‌బర్గ్. 1870లో దక్షిణ రష్యాలో పుట్టింది. కుటుంబం అమెరికాలోని కాన్సస్‌కు వలసపోయింది. తండ్రి సంఘపెద్ద. హోమియోపతి వైద్య కళాశాలలో చదువు పూర్తిచేసి 1907లో ఇక్కడికి వచ్చింది. మెనోనైట్ బ్రెదరన్ మిషన్‌కు మొదటి డాక్టరు ఆమే. నాగర్‌కర్నూలు, దేవరకొండల్లో పనిచేసి, 1928 నుంచి శంషాబాద్ ఆసుపత్రి నడిపింది. పెళ్ళి చేసుకోలేదు. 1945 జనవరి 1న శంషాబాద్‌లోనే చనిపోయింది. ఆ కాలపు మిషన్ దృష్టిలో వైద్యం సువార్తకు దారి మాత్రమే, అసలు పని బోధ. రోజంతా కాన్పులు, పుండ్లు, జ్వరాలు చూసే మనిషికి ఈ విభజన ఎట్లా కుదిరి ఉంటుంది? పుండు కడుగుతున్నప్పుడు ఆమె మార్తా, మరియా? అయితే ఆమెనూ బైబిలు స్త్రీనీ ఒకే గాటన కట్టలేను. ఆమెకు డిగ్రీ ఉంది, తెల్లతోలు ఉంది, సమాధి మీద పేరుంది. ఆమె పక్కన నిలబడి నీళ్ళు కాచి, బిడ్డలను పట్టి, రోగుల భాషను ఆమెకు అందించినవాళ్ళకు అవేవీ లేవు.

ఆ పేరున్న స్త్రీల స్థానమైనా భద్రం కాదు. విదేశ సేవకు వెళ్ళే స్త్రీలను అంతకుముందు అభిషేకించి పంపిన ఆ సంఘమే, 1957లో ఇకమీదట స్త్రీలకు అభిషేకం లేదని, నియమించి పంపితే చాలని తీర్మానించింది. పని అదే, దాని పేరే మారింది. (వేరే సంఘంలో, చాలా ఆలస్యంగా, 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ ఆమె.)

మనమూ తక్కువ తినలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. ఆ పుస్తకం చదివే మాలో చాలామంది పరిశోధనకు వచ్చాం. కానీ అదే పల్లెల్లో సంచిలో బైబిలు పెట్టుకుని తిరిగిన దళిత స్త్రీల దగ్గరికి టేపురికార్డరు పట్టుకుని ఎంతమందిమి వెళ్ళాం? వాళ్ళను మిషన్ పనిముట్లుగా చూసి పక్కన పెట్టేశాం. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో తెలుగు బైబిలు స్త్రీల మీద కులం, జెండర్ కోణాల నుంచి ఇంగ్లీషులో పుస్తకం రాసేనాటికి వాళ్ళలో మాట్లాడగలిగినవాళ్ళు దాదాపు వెళ్ళిపోయారు.

మార్త గురించి ఇంకొకటి. యోహాను సువార్త 11వ అధ్యాయంలో, తమ్ముడు చనిపోయిన దుఃఖంలో, యేసును క్రీస్తుగా ఒప్పుకునేది ఆమే. పేతురు నోట వచ్చిన అలాంటి మాట మీద సంఘాలే కట్టుకున్నారు. మార్త నోట వచ్చిన దాని మీద స్త్రీల కూడికలో ఒక్క ప్రసంగమూ వినలేదు. వంటింటి మనిషికి వేదాంతం ఎందుకని కాబోలు.

మా అమ్మమ్మకు చదువు రాదు. పాలమూరు పల్లెలో కూలి మనిషి. పొద్దున పొయ్యి అంటించగానే, కుండలో పోసే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే చట్టిలో వేసేది. పిడికెడు బియ్యం అనే పేరే గాని, మా ఇంట్లో చాలాకాలం అవి జొన్నలే. తాత వలసపోయిన నెలల్లో కుండలోకి తక్కువైనా చట్టిలోకి పడేవి. గింజలు వేస్తూ ఏదో గొణిగేది. కళ్ళు మూసుకోకుండా ప్రార్థన చేయొచ్చా అని ఒకసారి అడిగాను, సండే స్కూలు తెలివితో. “కండ్లు మూస్తె గటక మాడుతది బిడ్డా, దేవునికి తెల్వదా?” అంది.

ఆదివారం ఆ చట్టి గుళ్ళో గంపలోకి పోయేది. ఆరాధన అయ్యాక గింజలు వేలం వేసి, వచ్చిన డబ్బు పాస్టరుగారి జీతంలో కలిపేవాళ్ళు. ఆ లెక్కల పుస్తకం కొన్ని పేజీలు చూశాను. వారం వారం ఒకే పద్దు: స్త్రీల సమాజం, ఇన్ని రూపాయలు. ఎదురుగా మగవాళ్ళ చందాలు, ఒక్కొక్కరి పేరుతో.