కల్లు మానిన మూడోరోజు



దొంతన్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఊళ్లలో ప్రార్థన మనవులు అడిగితే తరచుగా వినబడే మనవి ఒకటుంది. "మా ఆయన తాగుడు మానాలని ప్రార్థించండి." పాపపు అలవాట్ల మీద ప్రసంగాలు చాలా విన్నాం. ఈసారి ఒక్క అలవాటునే తీసుకొని, దాన్ని విడిచిపెట్టే ఆ మొదటి వారం గురించి మాట్లాడుకుందాం.

మన ప్రాంతంలో కల్లు అంటే అన్నిచోట్లా చెట్టు కల్లే కాదు. ఈత, తాటి చెట్లు గిరాకీకి చాలని చోట క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్‌ప్రాజోలామ్ వంటి మత్తుమందులు కలిపి అమ్ముతున్నారు. జనం దాన్ని మందు కల్లు అంటారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించిన సంగతి మనం మరచిపోలేదు. అయితే 2015లో జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆ యేడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ మీద కట్టడి పెరిగి మందు తగ్గగానే, తాగడానికి అలవాటుపడినవారు వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు చేరారు. వారికి కీడు చేసింది తాగడం ఒక్కటే కాదు, ఉన్నట్టుండి ఆగిపోవడం కూడా.

ఇక్కడే మన సంఘాలు పొరపాటు పడుతున్నాయి. ఒక సహోదరుడు ఆదివారం కన్నీళ్లతో ఒప్పుకొని, ఇక ముట్టనని ప్రభువుతో నిబంధన చేస్తాడు. సోమవారం రాత్రి నిద్ర రాదు. మంగళవారానికి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. కొందరికి లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. ఇంటివారు భయపడి దయ్యం అంటారు. మనం నూనె పట్టుకొని వెళ్లి గద్దిస్తాం. పాపం, అతడు తన విశ్వాసమే బలహీనమైనదనుకొని, ఆ వణుకు తగ్గడానికి తిరిగి దుకాణానికే నడుస్తాడు.

ఆ వణుకు పాపం కాదు. మందుకు అలవాటుపడిన నరాలు అది అందక చేసే గోల. వైద్యులు తగిన మందిచ్చి, మోతాదు మెల్లగా తగ్గిస్తూ దాన్ని దాటిస్తారు. ఫిట్స్ వస్తే ప్రాణానికే ప్రమాదం గనుక కాపరి చేయవలసిన మొదటి పని ఆటో పిలవడం, తరువాత ఆటోలో పక్కన కూర్చొని ప్రార్థించడం. లూకా వైద్యుడని, పౌలుకు ప్రియుడని కొలొస్సయులకు 4:14లో చదువుతాం. రోగులకే వైద్యుడు అవసరమని ప్రభువే అన్నాడు (లూకా 5:31). అక్కడ ఆయన పాపుల గురించే చెప్పినా, రోగికి వైద్యుడు కావాలన్న సంగతిని ఎవరూ కాదనరని ఎంచే మాట్లాడాడు గదా.

శరీరం తేరుకున్న తరువాతనే అసలు శోధన మొదలవుతుంది. సామెతలు 23వ అధ్యాయం చివర ఉన్న తాగుబోతును చూడండి. దెబ్బలు తిన్నాడు, నొప్పి తెలియలేదు, మెలకువ రాగానే మళ్లీ దానికోసమే వెదకుతాడు. యాకోబు 1:14 ప్రకారం ఈడ్చేది మన సొంత ఆశే, ఆ ఆశకు గంట, దారి, తోడు ఉంటాయి. శనివారం సాయంత్రం కూలి డబ్బులు చేతిలో ఉండగా కాంపౌండ్ ముందు నుండి నడిచి వెళ్తూ "ప్రభువా, శోధనలోకి తేకు" అనడం నా దృష్టిలో ప్రార్థనలో సగమే. యోసేపు వస్త్రం విడిచి పరుగెత్తాడు (ఆదికాండము 39:12). దారి మార్చుకోవడం, కూలి నేరుగా భార్య చేతికి అందేలా చూసుకోవడం కూడా పరుగే.

ఖాళీ ఇంటికి అపవిత్రాత్మ ఏడుగురిని వెంటబెట్టుకొని వచ్చిందని మత్తయి 12లో ఉంది. సాయంత్రం ఆరు నుండి తొమ్మిది వరకు ఆ సహోదరుడు ఎక్కడ కూర్చోవాలి? ఇది సంఘ పెద్దలు జవాబు చెప్పవలసిన ప్రశ్న. దొర్నకల్ బిషప్ వి.యస్. అజరయ్య తన కాలంలో తాగుడును అప్పు, రోగం, మురికితో కలిపి ఒకే జాబితాలో పెట్టి పోరాడాడు. అప్పు తీరని ఇంట్లో సీసా ఒక్కటే తీసేస్తే సరిపోదని ఆయనకు తెలుసు.

ఇంకొక మాట. మానిన నెలకే సాక్ష్యం చెప్పమని మైకు చేతికివ్వకండి. పడిపోతే అతనికి సంఘంలోకి రావడానికి ముఖం ఉండదు. యాకోబు 5:16 చెప్పే ఒప్పుకోలు ఒకరితో ఒకరు చేసుకునేది, దానికి నమ్మకమైన మనిషి ఒక్కడు చాలు.

ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఈ చికిత్స ఉంది. ఫోనులో సలహా కావాలంటే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ ఆదివారం ప్రకటనల్లో చదివించండి.