కంఠస్థ వాక్యం: తెలుగు క్రైస్తవంలో లేఖన ధారణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
లేఖనాలను కంఠస్థం చేయడం క్రైస్తవ ఆధ్యాత్మిక సాధనల్లో అతి ప్రాచీనమైనది. 19వ శతాబ్దంలో ఈ అలవాటు తెలుగునేలపై అక్షరానికి దూరంగా ఉంచబడిన సమూహాల్లోకి ప్రవేశించింది. అది ఏ రూపాల్లో స్థిరపడిందో, ఆ రూపాలు సామాజికంగా ఎలాంటి ఫలితాలనిచ్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధారణను నిరక్షరాస్యతకు ప్రత్యామ్నాయంగా మాత్రమే చూడడం సమంజసం కాదనీ, అది ఏకకాలంలో హక్కుగానూ పరీక్షగానూ పనిచేసిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లేఖన ధారణ, ప్రశ్నోత్తరి, క్రైస్తవ కీర్తన, బంగారు వాక్యం, దళిత క్రైస్తవం, మౌఖికత.

1. ఉపోద్ఘాతం

తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలలో ఒకటి తెలుగుదేశంలో కాక జర్మనీలోని హాలే పట్టణంలో వెలువడింది. 1746 నాటి ఆ పుస్తకం బెంజమిన్ షుల్జ్ సిద్ధం చేసిన చిన్న ప్రశ్నోత్తరి. మద్రాసులో ఉండగా ఆయన చేసిన బైబిలు అనువాదం అచ్చుకు నోచుకోలేదు; ప్రశ్నోత్తరి మాత్రం అచ్చయింది. ప్రశ్నోత్తరి అంటే చదివి పక్కన పెట్టే పుస్తకం కాదు, అప్పగించవలసిన పాఠం. కనుక తెలుగు ముద్రణ తన తొలి అడుగుల్లోనే కంఠస్థానికి సాధనంగా నిలిచిందని చెప్పవచ్చు. తెలుగు ముద్రణ చరిత్రను రాసినవారు ఈ పుస్తకాన్ని లిపి దృష్టితో, అచ్చు దృష్టితో చర్చించారు. ధారణ దృష్టితో చూసినప్పుడు దాని ప్రాధాన్యం వేరుగా కనిపిస్తుంది.

2. ప్రాచీన క్రైస్తవంలో ధారణ

హీబ్రూ కీర్తనల కూర్పులోనే ధారణకు అనువైన నిర్మాణం ఉంది. 119వ కీర్తనలోని 176 వచనాలు హీబ్రూ వర్ణమాలలోని 22 అక్షరాల వరుసలో, అక్షరానికి ఎనిమిది చొప్పున అమరి ఉంటాయి. అక్షరక్రమం తెలిసినవారికి తరువాతి భాగం దానంతటదే స్ఫురిస్తుంది. తెలుగు బైబిలులో ఆలెఫ్, బేత్ అనే శీర్షికలు నిలిచాయి గాని ఆ సౌకర్యం అనువాదంలో జారిపోయింది.

4వ శతాబ్దంలో ఈజిప్టులో పకోమియస్ నెలకొల్పిన సన్యాసి సమాజాల్లో చేరినవారికి కీర్తనలనూ కొత్త నిబంధననూ నేర్చుకోవడం విధిగా ఉండేది. 787లో జరిగిన రెండవ నీకియా మహాసభ, బిషప్ పదవికి ఎన్నికయ్యేవారికి కీర్తనల గ్రంథం పూర్తిగా నోటికి రావాలని నియమం చేసింది. ఈ దశలో ధారణ అఖండమైనది. సాధకుడు గ్రంథాన్ని వరుసగా, మొత్తంగా ఇముడ్చుకునేవాడు.

విడి వాక్యాన్ని అధ్యాయ, వచన సంఖ్యలతో సహా వల్లించే పద్ధతి దీనికి భిన్నమైనది. వచన సంఖ్యలతో కూడిన కొత్త నిబంధనను రాబర్ట్ ఎస్టియెన్ 1551లో ముద్రించాడు. అంటే, మౌఖికంగా కనిపించే ఈ అలవాటు నిజానికి అచ్చు పుస్తకం కన్నబిడ్డ. 1872లో అమెరికాలో ఆమోదం పొందిన ఏకరూప ఆదివారపు బడి పాఠాలతో వారానికొక ‘బంగారు వాక్యం’ నేర్పే పద్ధతి విస్తృతంగా వ్యాపించింది. ఈ దశలో ధారణ ఖండరూపం పొందింది.

3. తెలుగునేల: విన్నవారి లేఖనం

తెలుగునాట కంఠస్థం కొత్త విద్య కాదు. వేదపాఠశాలలో సంథ, వీధిబడిలో వల్లె, శతకపద్యాల ధారణ ఇవన్నీ స్థిరపడిన సంప్రదాయాలే. అయితే వీటికి గట్టి సరిహద్దులున్నాయి. శూద్రునికి వేదశ్రవణం సైతం తగదని ధర్మశాస్త్రాలు శాసించాయి. వీధిబడి అరుగు సాధారణంగా మాల, మాదిగ పిల్లలకు అందుబాటులో లేదు. ఆ సమూహాలకు తమవైన మౌఖిక సంపదలు లేకపోలేదు. జాంబపురాణ గానం, గురుశిష్య పరంపరలో సాగిన తత్త్వాలు అందుకు నిదర్శనాలు. ఒంగోలు ప్రాంతంలో తొలితరం మాదిగ క్రైస్తవుడైన ఎర్రగుంట్ల పేరయ్య అంతకుముందు రాజయోగ మార్గంలో నడిచినవాడే. కనుక క్రైస్తవ బోధకులు వచ్చేనాటికి ధారణ వారికి తెలుసు; పవిత్రమని లోకం అంగీకరించిన గ్రంథం మాత్రమే వారి చేతికి అందలేదు.

1876-78 నాటి కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. జాన్ క్లౌ నాయకత్వంలోని అమెరికన్ బాప్టిస్టు మిషను చరిత్రలో ఈ సంఖ్య తరచుగా ప్రస్తావనకు వస్తుంది. వీరిలో అత్యధికులు చదువురానివారన్న సంగతి అంతగా చర్చకు రాదు. సంపూర్ణ తెలుగు బైబిలు 1854 నాటికే ముద్రితమై ఉన్నా, చదవలేనివారికి అది మూసిన పుస్తకమే. గ్రామ బోధకుడు చెప్పగా విని, తిరిగి చెప్పి, నోటికి తెచ్చుకున్నంత మేరకే లేఖనం వారిదయింది.

4. ధారణ రూపాలు

4.1. ప్రశ్నోత్తరి: 1842లో గుంటూరు చేరిన హేయరుతో మొదలైన లూథరన్ మిషనుకు మార్టిన్ లూథరు 1529లో రచించిన చిన్న ప్రశ్నోత్తరి మూలపాఠం. ముందు మాట మారకుండా నేర్పాలి, అర్థం ఆ తరువాత చెప్పాలి అన్నది ఆ గ్రంథపు ముందుమాటలో లూథరు సూచించిన క్రమం. ఇది సంథ పద్ధతికి సన్నిహితం. ప్రశ్నే జవాబును గుర్తుచేసే కొక్కెంగా పనిచేస్తుంది.

4.2. సంఖ్య: పది ఆజ్ఞలను వేళ్లమీద లెక్కించి అప్పగించవచ్చు. వరుస తప్పితే లెక్క దొరికిపోతుంది. ప్రభువు ప్రార్థన, అపొస్తలుల విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు అనే మూడూ అనేక సంఘాల్లో నూతన విశ్వాసుల ప్రాథమిక పాఠ్యాంశాలయ్యాయి.

4.3. కీర్తన: తెలుగువారి ధారణకు పద్యం, పాట ఆలంబనలు. బైబిలు అనువాదమో వచనం. ఈ ఎడాన్ని పూరించినవి క్రైస్తవ కీర్తనలు. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు పల్లవి, చరణాల నిర్మాణంలో, దేశీయ రాగతాళాల్లో లేఖన విషయాన్ని నిలిపారు. పల్లవి పునరావృత్తి గ్రామసంఘానికి పుస్తకం లేని లోటు తీర్చింది. 1912లో దోర్ణకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య కూడా గ్రామబోధనలో తెలుగు కీర్తనలకు సముచిత స్థానమిచ్చారు.

4.4. విడి వాక్యం: ఆదివారపు బడి పిల్లలకు నేర్పే బంగారు వాక్యం, కంఠత వాక్యం ఈ కోవకు చెందినవి. నేర్చుకోవడానికి ఇది సులభం. అయితే వాక్యం తన సందర్భం నుంచి విడివడడం వల్ల పూర్వాపరాలకు విరుద్ధమైన అర్థం స్థిరపడే అవకాశం కూడా ఇందులోనే ఉంది.

5. హక్కు – పరీక్ష

ధారణ వల్ల కలిగిన మొదటి ఫలితం భాషాపరమైనది. తెలుగు బైబిలు భాష గ్రాంథిక క్రియారూపాలతో నిండినది. గ్రాంథిక, వ్యావహారికాలలో ఏది పాఠ్యభాష కావాలన్న వాదం 20వ శతాబ్ది తొలి దశకాల్లో పండితుల మధ్య సాగుతుండగా, బడి ముఖం చూడని స్త్రీపురుషులు ఆ గ్రాంథికాన్నే ప్రార్థనలో అలవోకగా పలికారు. చదువుకున్న కులాల సొత్తుగా భావించబడిన భాషాస్థాయి ఈ విధంగా కంఠం ద్వారా పల్లె చివరి గుడిసెకు చేరింది. వాడుకభాషలో కొత్త అనువాదాలు వచ్చినా పాత పాఠం పట్ల మమకారం తగ్గకపోవడానికి ఇది ఒక కారణం. నోటికి వచ్చిన మాటను మార్చడం అచ్చులో అక్షరం మార్చినంత తేలిక కాదు.

రెండవ ఫలితం దీనికి ఎదురుగా నిలుస్తుంది. అప్పగించడం ఉన్నచోట అప్పగించుకునేవాడూ ఉంటాడు. జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన సామూహిక మతాంతరాల అధ్యయనం తెలుగు ప్రాంతాలనూ పరిశీలించింది. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు ఎందరికి వచ్చునన్నది అందులో ఒక కొలమానం. పొలం పనికి పోయే కూలీ విశ్వాసం ఆయన జ్ఞాపకశక్తితో తూచబడింది. తడబడినవాడు విశ్వాసహీనుడు కాడు, ధారాళంగా అప్పగించినవాడు తప్పనిసరిగా విశ్వాసీ కాడు. అయినా కొలవడానికి వీలైనది కంఠస్థమే కాబట్టి కొలత అక్కడే ఆగింది. వినడానికే అర్హత లేదన్న వ్యవస్థ నుంచి బయటపడినవారికి, వల్లించకపోతే అర్హత చాలదన్న మరో గడప ఎదురైంది. ఈ రెండు గడపలూ సమానమైనవి కావు. మొదటిది మూసిన తలుపు. రెండవది నేర్చుకుంటే తెరుచుకునే తలుపు. ఆ భేదాన్ని విస్మరించినా, రెండవ గడపను చూడనట్లు నటించినా చరిత్ర అసంపూర్ణమవుతుంది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• లేఖన ధారణ అఖండ రూపం నుంచి ఖండ రూపానికి మారడంలో ముద్రణ, వచన సంఖ్యలు నిర్ణాయక పాత్ర వహించాయి.
• తెలుగునేలపై ప్రశ్నోత్తరి, సంఖ్య, కీర్తన, విడి వాక్యం అనే నాలుగు రూపాల్లో ధారణ స్థిరపడింది. వీటిలో కీర్తన దేశీయ సంప్రదాయానికి అత్యంత సన్నిహితమైనది.
• శ్రవణానికే అనర్హులుగా పరిగణించబడిన సమూహాలకు ధారణ ఒక గ్రంథంపై స్వాధీనాన్నిచ్చింది. అదే సమయంలో వారిని కొలిచే సాధనంగానూ మారింది.

నేడు వాక్యం చరవాణిలో క్షణంలో దొరుకుతుంది. వెతుక్కోవలసిన అవసరమే లేనప్పుడు దాచుకోవలసిన అవసరమూ తగ్గుతుంది. అయితే గ్రామసంఘాల్లోని వృద్ధుల కంఠాల్లో నిలిచిన పాఠాలు అచ్చు ప్రతులకు యథాతథ నకళ్లు కావు. ఉచ్చారణలో, విరుపులో, రాగంలో అవి తరాల అనుభవాన్ని మోస్తున్నాయి. మొదటి తరాలవారు చాలా తక్కువ రాసిపెట్టారు; వారి చరిత్రకు మిగిలిన ఆధారాల్లో ఈ కంఠాలు ముఖ్యమైనవి. వాటిని ధ్వని రూపంలో సేకరించి, మౌఖిక సాహిత్య పరిశోధనలో భాగంగా అధ్యయనం చేయడం ఆలస్యం సహించని పని.